ఈపీ ఫెలోషిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా, ఉండేది తిరుపతిలో. ఎక్కడ చేయాలి, ఎలా చేయాలి?

శేషాచలం_గాలి
సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇదే మొదటి పోస్టు. పొడుగైతే తిట్టుకోకండి.

ఎంబీబీఎస్ మన ఎస్వీ మెడికల్ కాలేజీలోనే. ఎండీ జనరల్ మెడిసిన్ అయ్యాక నీట్ ఎస్‌ఎస్ రాసి వేరే రాష్ట్రంలో డీఎం కార్డియాలజీ చేశాను. పోయిన ఏడాది తిరుపతికి తిరిగొచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. వయసు 34. పెళ్ళయింది, పాప ఎల్‌కేజీ. రోజుకు నాలుగైదు యాంజియోలు, ఒకటో రెండో స్టెంట్లు, వారానికో పేస్‌మేకర్. బతుకు బాగానే ఉంది. మనసు మాత్రం ఎలక్ట్రోఫిజియాలజీ (ఈపీ, గుండె లయ తప్పే జబ్బులు చూసే విభాగం) మీద ఉంది. డీఎంలో ఉండగా ఈపీ ల్యాబ్‌లో రెండు నెలలు పోస్టింగ్ పడింది. స్క్రీన్ మీద ఆ గీతలు చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నం భోజనం సంగతి కూడా గుర్తుకొచ్చేది కాదు.

ఇండియాలో ఏడాది చేయాలా, బయట రెండేళ్ళా? 34 అంటే ఆలస్యమైపోయిందా? చివరికి తిరుపతికే రావాలని ఉంది, ఇక్కడ ఈపీ నడుస్తుందా? స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ కూడా ఒకటి రాశాను. ధైర్యం చేసి రేపు పెడతా.

రెండు_స్టెంట్లు
సోమవారం, రాత్రి 11:20

డాక్టర్ గారూ, నేను నిరుత్సాహపరిచే మనిషిని కాదు, లెక్క చూసే మనిషిని. మదనపల్లెలో ప్రాక్టీసు, స్టెంట్లు వేస్తా.

స్టెంట్‌కి ముప్పావుగంట. ఏఎఫ్ (గుండె పైగదులు అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు) అబ్లేషన్, అంటే లోపల కాల్చడం, మూడు గంటలు సీసం ఏప్రన్ మోస్తూ నిలబడాలి. గుండెపోటు వచ్చినవాడు అర్ధరాత్రి రెండింటికైనా మీ తలుపు తడతాడు. గుండెదడ వచ్చినవాడు గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటాడు, తగ్గగానే మరిచిపోతాడు. తగ్గనివాడు వేలూరు బస్సెక్కుతాడు, లేదంటే చెన్నై పోతాడు. ఇక మీకు మిగిలేదెవరు?

పలమనేరు_టమోటా
మంగళవారం, ఉదయం 5:15

నేను డాక్టర్ని కాదు సార్, టమోటా మండీ మనిషిని. నా జబ్బు పేరు కొట్టి వెతుకుతా ఉంటే మీ చర్చ కనిపించింది. మదనపల్లె సార్ చెప్పిన సోడా తాగి పడుకున్నోడిని నేనే.

తొమ్మిదేళ్ళు పడినాను. ఎవరో స్విచ్ వేసినట్టు గుండె పరుగు మొదలయ్యేది. అరగంటకో గంటకో అంతే టప్పున ఆగేది. డాక్టర్ దగ్గరికి పోయేసరికి ఏమీ ఉండదు, గ్రాఫ్ నార్మల్. గ్యాస్ అన్నారు, నరాల బలహీనత అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మండీలో తెల్లవారుజామున వేలంపాట పాడేవాడికి టెన్షన్ లేకుండా ఎట్లుంటుంది? నిద్రమాత్రలు కూడా రాసిచ్చారు. ఒకరోజు పాట మధ్యలోనే కూలబడితే పక్కనున్న ఆసుపత్రికి మోసుకుపోయారు. ఒక నర్సమ్మ వెంటనే గ్రాఫ్ తీసింది. 190. ఆ కాగితమే నన్ను బతికించింది. సూది వేశారు, గుండె ఒక్క నిమిషం ఆగినట్టయింది. పోయానే అనుకున్నా. మళ్ళీ కొట్టుకుంది.

తర్వాత వేలూరులో తొడ దగ్గర నుంచి వైర్లు పంపి లోపల కాల్చారు. రెండోరోజు బస్సులో ఇంటికొచ్చినా. నాలుగేళ్ళయింది, మళ్ళీ రాలేదు. మీరు నేర్చుకోండి సార్.

నగరి_బస్సు
మంగళవారం, ఉదయం 7:40

శేషాచలం గారూ, మాది నగరి. చెన్నైలో ఈపీ చేస్తున్నా, పద్నాలుగేళ్ళు. రెండు స్టెంట్లు గారి లెక్కలో తప్పు లేదు, కానీ ఆయన సగమే చెప్పారు. మిగతా సగం పలమనేరు అన్న చెప్పారు. ఆయనకు గుండె ఆగింది ఒక్క నిమిషం కాదు, నాలుగైదు సెకన్లే. అడినోసిన్ సూది అంతే, రక్తంలో పది సెకన్లు కూడా నిలవదు. ఆ నాలుగైదు సెకన్లు పేషెంటుకు మాత్రం నిజంగానే ఒక నిమిషం.

వయసు సంగతి వదిలేయండి. ఎంబీబీఎస్, ఎండీ, డీఎం అన్నీ ముగిసేసరికి మన దేశంలో ఎవరికైనా ముప్పై దాటుతుంది. నేను ఫెలోషిప్‌లో చేరేనాటికి 36.

ఇండియాలో అయితే తిరువనంతపురం శ్రీచిత్రలో డీఎం తర్వాత చేసే ఏడాది ఈపీ ఫెలోషిప్ ఉంది. సెషన్ జనవరిలో మొదలవుతుంది కాబట్టి దసరాకు ముందు నుంచే వాళ్ళ వెబ్‌సైట్ మీద కన్ను వేసి ఉంచాలి. ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ సమావేశాలకు వెళ్ళండి. ఎక్కడ సీటుంది, ఎవరి దగ్గర చేతికి పని దొరుకుతుందనే కబురు అక్కడ టీ తాగేచోట దొరుకుతుంది. ప్రకటనలో అది ఉండదు.

ఏ సెంటర్‌కైనా సరే, అప్లై చేసేముందు పోయినేడాది ఫెలో నంబర్ సంపాదించండి. ఆయన్ని మూడే మూడు అడగండి. ఏడాదిలో మొత్తం ఎన్ని అబ్లేషన్లు జరిగాయి? వాటిలో కాథెటర్ (గుండెలోకి పంపే వైరు) మీ చేతిలో ఉన్నవి ఎన్ని? ట్రాన్స్‌సెప్టల్ పంక్చర్ (సెప్టం, అంటే గుండె గదుల మధ్య గోడను, సూదితో దాటడం) మీరు సొంతంగా చేశారా, చేస్తే ఎన్నో నెలలో? మూడోదానికి ఆయన కాసేపు నసిగితే ఆ సెంటర్ వదిలేయండి.

షీత్_లాగేవాడు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఈ మూడు ప్రశ్నలు నాలుగేళ్ళ కిందట నాకెవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో మేడమ్.

పేరు చెప్పను. పెద్ద ఊరు, పెద్ద బోర్డు. పొద్దున్నే కన్సెంట్ కాగితాలు, తర్వాత తొడ దగ్గర పంక్చర్, షీత్‌లు (కాథెటర్లు దూర్చే గొట్టాలు) పెట్టడం. అప్పుడు పెద్దాయన వస్తారు. నేను పక్కకు జరగాలి. కేసయ్యాక ఆయన వెళ్ళిపోతారు, నేను షీత్‌లు లాగి పావుగంట, ఇరవై నిమిషాలు అదిమిపట్టుకుని నిలబడాలి. సాయంత్రం ఓపీలో పేస్‌మేకర్ చెకింగ్‌లు. ఏడాది తిరిగేసరికి లాగ్‌బుక్‌లో 210 కేసులు. వాటిలో నేను కాల్చింది ఏడు. ఆ ఏడు కూడా దీపావళి సెలవుల్లో పెద్దాయన ఊళ్ళో లేనప్పుడు చిన్న సార్ దయవల్ల దొరికినవి.

నా యూజర్ నేమ్ చూసి నవ్వుకునేవాళ్ళకు ఇదీ దాని కథ. తర్వాత ఒక స్నేహితుడి ల్యాబ్‌లో ఎనిమిది నెలలు జీతం లేకుండా చేసి పని నేర్చుకున్నాను. ఇంట్లో ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో ఇక్కడ రాయను.

కన్సోల్_బాబు
మంగళవారం, రాత్రి 9:30

నేను క్యాథ్‌ల్యాబ్ టెక్నాలజిస్టుని, తిరుపతిలోనే. డాక్టర్ల మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, కానీ ఫెలోలను మాకన్నా దగ్గరగా చూసినవాళ్ళు లేరు.

కొత్తగా వచ్చినవాళ్ళందరికీ టేబుల్ దగ్గర నిలబడి కాథెటర్ పట్టుకోవాలని తొందర. నేర్చుకునేవాడు మొదటి మూడు నెలలు నా పక్క కుర్చీలో కూర్చుంటాడు సార్. స్టిమ్యులేటర్ (గుండెకు చిన్న కరెంటు బీట్లు ఇచ్చే మెషిన్) బటన్లు తనే నొక్కుతాడు. ఎస్1 అనే వరస బీట్లు 600 మీద ఎనిమిది, వెనక ఎస్2 అనే ముందస్తు బీట్, పది పది మిల్లీసెకన్లు తగ్గించుకుంటూ. ఒకచోట ఏహెచ్ (పైగది నుంచి కరెంటు ఏవీ నోడ్ దాటడానికి పట్టే సమయం) ఒక్కసారిగా 50 కన్నా ఎక్కువ సాగుతుంది. నేను నోరు విప్పకముందే 'జంప్' అని అరిచే ఫెలో పనికొస్తాడు. కొంతమంది ఫోన్ చూసుకుంటుంటారు. 'ఏమైనా వచ్చిందా బాబూ?' అంటారు. వచ్చింది, వెళ్ళిపోయింది కూడా.

కాలిపర్ (గ్రాఫ్ మీద దూరాలు కొలిచేది) పట్టుకోవడం నేర్చుకుని వెళ్ళండి. మీ డీఎం నాటి ట్రేసింగులు ఏమైనా ఉంటే పేషెంట్ పేర్లు చెరిపేసి రోజుకొకటి కొలవండి.

శేషాచలం_గాలి
మంగళవారం, రాత్రి 11:48

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. షీత్ అన్నా, మీ పోస్టు చదివి మా ఆవిడకు కూడా చూపించా. 'ఆ ఎనిమిది నెలలు వాళ్ళావిడ ఏం చేసిందో అడుగు' అంది. సరే.

స్టేట్‌మెంట్ మొదటి పేరా ఇది (ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో పెడుతున్నా):

'చిన్నతనం నుంచి మానవ హృదయపు లయ నన్ను అబ్బురపరిచేది. వైద్యశాస్త్రంలో అత్యంత మేధోపరమైన విభాగమైన ఎలక్ట్రోఫిజియాలజీలో ప్రావీణ్యం సాధించి, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో శిక్షణ పొంది, సమాజానికి సేవ చేయాలన్నది నా చిరకాల స్వప్నం.'

నగరి_బస్సు
బుధవారం, ఉదయం 6:55

చిన్నతనంలో మీరు గుండె లయకు అబ్బురపడలేదు, గోళీలాడుకున్నారు. నేనూ అంతే.

ఇలాంటివి నా టేబుల్ మీద ఏటా ముప్పై పడతాయి. 'ప్రతిష్ఠాత్మక' కనబడగానే పేజీ తిప్పేస్తా. ఈ విభాగం మీకు ఎందుకు కావాల్సివచ్చిందో ఒక రాత్రి, ఒక పేషెంటు, ఒక గ్రాఫ్ చెప్పండి. అలాంటిది జరగలేదా?

రెండు_స్టెంట్లు
బుధవారం, ఉదయం 8:10

సేవ చేయాలని చిరకాల స్వప్నం ఉన్నవాళ్ళే నాకు స్టెంట్ రేటు తగ్గించమని ఫోన్ చేసేది. సరదాకి అన్నాను, శేషాచలం గారూ.

శేషాచలం_గాలి
గురువారం, రాత్రి 1:30

ఈ రాత్రి కూర్చుని తిరగరాశాను.

'ఒక వేసవి రాత్రి అలిపిరి మెట్ల దారిలో పడిపోయిన కుర్రాణ్ణి క్యాజువాలిటీకి తెచ్చారు. క్యూఆర్‌ఎస్ (గ్రాఫ్‌లో కింది గదుల గీత) వెడల్పుగా ఉంది, బీట్లు అడ్డదిడ్డంగా, నిమిషానికి 240 దాకా. డ్యూటీ డాక్టర్ అప్పటికే వెరపమిల్ సిరంజిలోకి ఎక్కించాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. బీపీ 70. షాక్ ఇచ్చాం. సైనస్ రిథమ్‌కి వచ్చాక గ్రాఫ్‌లో డెల్టా వేవ్ కనిపించింది. డబ్ల్యూపీడబ్ల్యూ (పైగదుల నుంచి కింది గదులకు ఒక అదనపు పక్కదారి, పాత్‌వే), దానిమీద ఏఎఫ్. కరెంటు మామూలుగా దిగే దారి అయిన ఏవీ నోడ్‌ని మందుతో అడ్డుకుంటే మొత్తం ఆ పక్కదారి గుండా దిగి వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అయ్యేది. మర్నాడు అబ్లేషన్ కోసం వేరే నగరానికి పంపాం. పది రోజులకు అతను డిశ్చార్జి కాగితం తెచ్చి చూపించాడు. ఎడమ లాటరల్ పాత్‌వే, అబ్లేషన్ సక్సెస్ అని ఒకే ఒక లైను. ఆ లైను వెనక ల్యాబ్‌లో ఏం జరిగిందో నాకు తెలియదు. దాన్ని ఎక్కడ ఉందని పట్టుకున్నారు, సెప్టం దాటి వెళ్ళారా, అయోర్టా నుంచి వెనక్కి వెళ్ళారా. అది తెలుసుకోవాలని అప్లై చేస్తున్నాను.'

నగరి_బస్సు
గురువారం, ఉదయం 7:02

ఇది పంపండి. చివరి మూడు వాక్యాలు ఎవరు మార్చమన్నా మార్చొద్దు, మీ ప్రొఫెసర్ చెప్పినా సరే.

నిర్వాహకుడు
గురువారం, ఉదయం 9:15

పై పోస్టులో పేషెంటు వయసు, తేదీ తీసేశాం. ఇది అందరూ చదివే చోటు. గ్రాఫులు పెట్టేవాళ్ళు పై మూలన పేరు, ఐపీ నంబర్ చెరిపి పెట్టండి.

చలిదేశం_చిత్తూరోడు
శుక్రవారం, ఉదయం 6:20

మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. కెనడాలో ఈపీ ఫెలో, రెండో ఏడాది. బయట చేయాలంటే ఎలా ఉంటుందో రాస్తా, తియ్యగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

ఇక్కడ మామూలుగా రెండేళ్ళు. నేను మొదటి మెయిల్ పంపిన రోజుకీ ఫ్లయిట్ ఎక్కిన రోజుకీ మధ్య 21 నెలలు. ఏడాదిన్నర, రెండేళ్ళు ముందే సీట్లు నిండుతాయి కాబట్టి ఈ ఏడాది చేరదామని ఈ ఏడాది రాస్తే లాభం లేదు. సర్టిఫికెట్లు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా ద్వారా మూలం నుంచి వెరిఫై అవ్వాలి, అంటే వాళ్ళు మీ యూనివర్సిటీకి రాస్తారు, మీ యూనివర్సిటీ గుమాస్తా గారు తీరిగ్గా జవాబిస్తారు. నాది నాలుగు నెలలు ఆ బల్ల మీదే ఉంది. మా నాయన మూడుసార్లు బస్సెక్కి పోయి ఆ గది ముందు బెంచీ మీద కూర్చుంటే కదిలింది. తర్వాత ఆ రాష్ట్రపు కాలేజీ (అక్కడ డాక్టర్లకు లైసెన్సు ఇచ్చే సంస్థను అలా అంటారు) లైసెన్సు, వర్క్ పర్మిట్, మెడికల్ టెస్టులు.

జీతం గురించి మొదటి మెయిల్లోనే అడగండి, సిగ్గుపడొద్దు. కొన్ని సీట్లకు వాళ్ళే ఇస్తారు. కొన్నింటికి డబ్బు మీరే తెచ్చుకోవాలి. చలికాలంలో పిల్లతో ఒక్క జీతంతో ఉండాలంటే ఆ తేడా చాలా పెద్దది.

ఇంగ్లండ్ అంటే జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్, దానికి ఇంగ్లీషు పరీక్ష. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం 7.5, ఏ విభాగంలోనూ 7 కి తగ్గకూడదు. ఓఈటీ అయితే నాలుగింటిలోనూ బీ గ్రేడ్. స్కోరుకు రెండేళ్ళే ఆయుష్షు, ముందే రాసేసి పెట్టుకుందామనుకుంటే గడువు తీరిపోతుంది. అమెరికాలో మామూలు దారి యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి, మూడేళ్ళు రెసిడెన్సీ, మూడేళ్ళు కార్డియాలజీ, ఆపైన రెండేళ్ళు ఈపీ. 34 ఏళ్ళప్పుడు, డీఎం చేతిలో ఉండగా ఆ దారి నేనైతే పట్టను.

సిఫారసు ఉత్తరాలు మూడు కావాలి. పెద్ద పేరున్నాయన రాసిన నాలుగు లైన్లకన్నా, అర్ధరాత్రి మీతో టెంపరరీ పేసింగ్ చేయించినాయన రాసిన ఒక పేజీ మేలు. నా ఇంటర్వ్యూలో ఆ ఉత్తరంలో ఉన్న ఒక కేసు గురించే పది నిమిషాలు అడిగారు.

రెండు_స్టెంట్లు
శుక్రవారం, ఉదయం 10:40

సరే, శిక్షణ సంగతి అయింది. తిరిగి తిరుపతికి వచ్చాక ఏం తింటారు? గుండె లోపలి పటం గీసే త్రీడీ మ్యాపింగ్ మెషిన్ ధర ఏ యాజమాన్యం పెడుతుంది? ఇది నిజంగా అడుగుతున్నా, ఎగతాళి కాదు.

నగరి_బస్సు
శుక్రవారం, రాత్రి 10:15

మంచి ప్రశ్న, దీనికి తీరిగ్గా రాయాలి.

మెషిన్ మొదటి రోజే కొనక్కర్లేదు. ఏవీఎన్‌ఆర్‌టీకి (ఏవీ నోడ్ దగ్గరే కరెంటు గుండ్రంగా తిరిగే దడ), చాలా పాత్‌వేలకి ఎక్స్‌రే కింద మామూలు కాథెటర్లతో పని అయిపోతుంది. త్రీడీ కావాల్సిన కేసులు రెండుమూడు కలిపి ఒకేరోజు పెట్టుకుంటే కంపెనీ వాళ్ళు ఆ రోజుకు మెషిన్ వ్యానులో తెస్తారు. చెన్నై నుంచి పుత్తూరు రోడ్డు మీద నాలుగు గంటలు కూడా పట్టదు.

రెండోది పేస్‌మేకర్. శేషాచలం గారూ, ఇప్పుడు మీరు వారానికి ఒకటి వేస్తున్నారు, రైట్ వెంట్రికిల్ కొనలో పెట్టి వస్తున్నారు కదా? 2017లో చైనాలో వైజియన్ హువాంగ్ బృందం ఎడమ బండిల్ (ఎడమ కింది గదికి కరెంటు మోసే కట్ట) ప్రాంతంలో లీడ్ పాతి చూపించినప్పటి నుంచి ఆ పనే మారిపోయింది. సెప్టంలోకి లీడ్ తిప్పుతుంటే వీ1లో (ఈసీజీలో ఛాతీ మీది ఒక లీడ్) క్యూఆర్‌ఎస్ ఆకారం మారుతూ, చివర్లో చిన్న ఆర్ కనబడుతుంది. అది కనబడిన క్షణం చెయ్యి ఆపాలి. ఒక్క తిప్పు ఎక్కువైతే ఎడమ వెంట్రికిల్‌లోకి పొడుచుకుపోతుంది. ఈపీ నేర్చినవాడి చేతికి ఆ క్షణం తెలుస్తుంది. తిరిగొచ్చాక మొదటి రెండేళ్ళు మీకు బువ్వ పెట్టేది ఇదీ, సీఆర్‌టీలూ (రెండు కింది గదుల్నీ కలిపి నడిపే పేస్‌మేకర్లు), ఐసీడీలూ (అవసరమైతే షాక్ ఇచ్చే పరికరాలు).

ఏఎఫ్ తర్వాత వస్తుంది. ఫ్రాన్సులో బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్ బృందం, ఏఎఫ్‌ని రాజేసే బీట్లు ఎక్కువగా పల్మనరీ వెయిన్‌ల (ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరలు) నుంచి పుడుతున్నాయని 1998లో చెప్పింది. అంతకుముందు ఏఎఫ్‌కి కాథెటర్ పెట్టడం అంటే చీకట్లో రాయి వేయడమే. పల్స్‌డ్ ఫీల్డ్ (వేడికి బదులు కరెంటు పల్సులతో చేసే అబ్లేషన్) వచ్చాక మదనపల్లె సార్ అన్న మూడు గంటలు కూడా చాలా చోట్ల ఉండట్లేదు.

ఇక పేషెంట్లు. తొమ్మిదేళ్ళు గ్యాస్ మాత్రలు మింగిన పలమనేరు అన్నలు ఈ జిల్లాలో ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. మీ ఊరి ఫిజీషియన్లకి ఒక్క మాట నేర్పండి చాలు: దడ ఉన్నప్పుడే గ్రాఫ్ తీయండి, తగ్గాక కాదు.

పలమనేరు_టమోటా
శనివారం, ఉదయం 5:40

అమ్మా, మళ్ళీ వస్తే ఇంట్లో ఏం చేయాలి?

నగరి_బస్సు
శనివారం, ఉదయం 7:20

అన్నా, మీ రకం ఒకసారి కాల్చాక తిరిగి రావడం చాలా తక్కువ. వస్తే సగం కూర్చున్నట్టుగా ఆనుకుని, పది ఎంఎల్ సిరంజి గొట్టంలోకి లోపలి కడ్డీ కదిలేంత గట్టిగా పదిహేను సెకన్లు ఊదండి. ఊదడం ఆపగానే వెనక్కి వెల్లకిలా పడుకోవాలి, ఇంట్లోవాళ్ళు మీ రెండు కాళ్ళూ పైకెత్తి పదిహేను సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఇంగ్లండ్‌లో ఇలా చేసి చూస్తే 43 శాతం మందికి ఆగింది, ఊరికే ఊదితే 17 శాతమే. కళ్ళు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా ఇవేమీ వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి, వెళ్ళగానే గ్రాఫ్ తీయమనండి.

మామిడి_తోట
శనివారం, మధ్యాహ్నం 2:30

మేడమ్, నేను డీఎం రెండో ఏడాది. ఈపీ అంటే ఇష్టం, కానీ మా యూనిట్లో 'ఆడపిల్లవి, రేపు పిల్లలు, రేడియేషన్, ఎకో చూసుకోరాదా' అంటున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

నగరి_బస్సు
శనివారం, రాత్రి 9:50

నాకూ అదే చెప్పారమ్మా. నాకిద్దరు పిల్లలు. రెండోసారి ఆరో నెల వరకూ ల్యాబ్‌లోనే ఉన్నా.

లెక్కలు తెలుసుకుని మాట్లాడు, ఎదుటివాళ్ళకు తెలియవు. మన ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నియమం ప్రకారం గర్భం అని చెప్పిన తర్వాత పిండానికి అందే మోతాదు మిగతా నెలలన్నింటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. ఏప్రన్ లోపల, పొట్ట దగ్గర రెండో బ్యాడ్జి పెట్టుకో, నెలనెలా రిపోర్టు చూడు. త్రీడీతో చేసే కేసుల్లో ఎక్స్‌రే కొన్ని నిమిషాలకు మించదు, కొన్నింటికి అసలు అక్కర్లేదు. యాంజియో గదిలో తగిలేదే ఎక్కువ, దాని గురించి మీ యూనిట్లో ఎవరూ ఏమీ అనరు, చూశావా?

నడుము మాత్రం జాగ్రత్త. చొక్కా, లంగా విడివిడిగా ఉండే ఏప్రన్ నీ కొలతకు కుట్టించుకో. వేరేవాళ్ళది వేసుకుంటే పదేళ్ళకు డిస్క్ జారుతుంది. ఇది నా సొంత అనుభవం.

శేషాచలం_గాలి
ఆదివారం, రాత్రి 8:05

ఇండియాలోనే ఏడాది అని తేల్చుకున్నా. అది చేతికి వచ్చాక బయట ఒక ఏడాది చూద్దామని ఇంట్లో ఒప్పందం. మేడమ్, ఒక్క ఇంటర్వ్యూ ప్రశ్న అడగరా?

నగరి_బస్సు
ఆదివారం, రాత్రి 8:40

38 ఏళ్ళ ఆవిడ. నారో క్యూఆర్‌ఎస్ టాకీకార్డియా (వేగంగా కొట్టుకునే గుండె), సైకిల్ లెంగ్త్ (బీట్‌కీ బీట్‌కీ మధ్య మిల్లీసెకన్లు) 350. సెప్టం దగ్గర వీఏ (వెంట్రికిల్ అంటే కింది గది, అక్కడి నుంచి ఏట్రియం అంటే పైగది దాకా సమయం) 40. రైట్ వెంట్రికిల్ నుంచి 330 మీద పేస్ చేశారు, ఏట్రియం కూడా 330 కి వచ్చింది. ఆపారు. టాకీకార్డియా కొనసాగుతోంది, వీ-ఏ-వీ రెస్పాన్స్ (వెంట్రికిల్, ఏట్రియం, మళ్ళీ వెంట్రికిల్ వరస). పోస్ట్ పేసింగ్ ఇంటర్వల్ (పీపీఐ, పేసింగ్ ఆపాక తిరిగొచ్చే మొదటి బీట్‌కి పట్టే సమయం) 520. ఏమిటిది?

శేషాచలం_గాలి
ఆదివారం, రాత్రి 8:52

టిపికల్ ఏవీఎన్‌ఆర్‌టీ. వీ-ఏ-వీ కాబట్టి ఏట్రియల్ టాకీకార్డియా కాదు. పీపీఐలోంచి సైకిల్ లెంగ్త్ తీసేస్తే 170, అది 115 కన్నా ఎక్కువ, కాబట్టి ఏవీఆర్‌టీ (పక్కదారి గుండా తిరిగే దడ) కూడా కాదు.

నగరి_బస్సు
ఆదివారం, రాత్రి 9:01

జవాబు కరెక్టు. ఆలోచన కాదు. వీఏ 40 అని చెప్పినప్పుడే ఏవీఆర్‌టీ ఇంటికి వెళ్ళిపోయింది. సెప్టం దగ్గర 70 కన్నా తక్కువ సమయంలో వెంట్రికిల్ నుంచి పాత్‌వే ఎక్కి ఏట్రియం చేరడం కుదరదు. ఇంటికి వెళ్ళినవాణ్ణి మళ్ళీ పిలిచి 115 తో ఎందుకు కొట్టారు? బట్టీ పట్టారని అక్కడే తెలిసిపోతుంది.

ఇంకోటి. పేసింగ్ వేగానికి ఏవీ నోడ్‌లో కండక్షన్ నెమ్మదించి, తిరిగొచ్చే బీట్‌లో ఏహెచ్ సాగుతుంది. ఆ సాగిన భాగం పీపీఐలో కలిసిపోతుంది. దాన్ని తీసేసి చూడాలని చెప్పినవాడికి నేను సీటిస్తా.

ఇప్పుడు చెప్పండి. స్లో పాత్‌వే (ఏవీ నోడ్‌కి చేరే నెమ్మది దారి) దగ్గర ఆర్‌ఎఫ్ (కాల్చే కరెంటు) ఇస్తున్నారు. జంక్షనల్ బీట్లు (ఏవీ నోడ్ దగ్గర పుట్టేవి, సరైన చోటే ఉన్నామనే గుర్తు) మొదలయ్యాయి, మీరు సంతోషంగా ఉన్నారు. అంతలో ఒక జంక్షనల్ బీట్ వెనక ఏట్రియం రాలేదు.

శేషాచలం_గాలి
ఆదివారం, రాత్రి 9:20

జంక్షనల్ రిథమ్‌లో వీఏ బ్లాక్ అంటే ఫాస్ట్ పాత్‌వేకి వేడి తగులుతోందేమో చూడాలి, కాథెటర్ పొజిషన్ ఎల్‌ఏఓ వ్యూలో సరిచూసుకుని, హిస్‌కి ఎంత దూరంలో

కన్సోల్_బాబు
ఆదివారం, రాత్రి 9:22

సార్, మీరు ఈ వాక్యం ముగించేలోపు ఆవిడకు కంప్లీట్ హార్ట్ బ్లాక్, జీవితాంతం పేస్‌మేకర్.

పెడల్ మీద నుంచి కాలు తీయాలి, అంతే. మా ల్యాబ్‌లో జెనరేటర్ నా చేతిలో ఉంటుంది. ఏట్రియం రాని బీట్ ఒక్కటి కనిపిస్తే డాక్టర్ 'ఆపు' అనేసరికి నేను ఆపేసి ఉంటా. ఒకసారి అలా ఆపినందుకు ఒక పెద్ద సార్ నన్ను తిట్టారు కూడా. ట్రేసింగ్ వెనక్కి తిప్పి చూపిస్తే ఏమీ అనకుండా గ్లవ్స్ తీసి బయటికెళ్ళి, రెండు టీలు చెప్పి వచ్చారు.

నగరి_బస్సు
ఆదివారం, రాత్రి 9:30

బాబు గారికి సీటిచ్చేశాను. శేషాచలం గారూ, వెయిటింగ్ లిస్ట్.

శేషాచలం_గాలి
(మూడు నెలల తర్వాత) బుధవారం, రాత్రి 10:10

అందరికీ నమస్కారం. పోయినవారం ఇంటర్వ్యూ అయింది. ఎక్కడో ఇప్పుడే చెప్పను. ముగ్గురు కూర్చున్నారు. మొదటాయన అలిపిరి కుర్రాడి గురించే అడిగారు, ఆ పాత్‌వే ఎక్కడుందో సైనస్ గ్రాఫ్ చూసి చెప్పగలరా అని కాగితం మీద డెల్టా వేవ్‌లు గీసిచ్చారు. వీ1లో పాజిటివ్, ఒకటిలో, ఏవీఎల్‌లో నెగటివ్. ఎడమ లాటరల్ అన్నా. రెండోఆవిడ జంక్షనల్ బీట్ ప్రశ్న అడిగారు! పెడల్ వదిలేస్తా అని రెండే మాటలు చెప్పి ఊరుకున్నా. ఆవిడ నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్ళారు. మూడోఆయన 'తిరిగి తిరుపతి వెళ్ళి ఏం చేస్తావు' అన్నారు. పుత్తూరు రోడ్డు, వ్యాను, ఎడమ బండిల్ లీడు, అన్నీ మేడమ్ చెప్పినట్టే చెప్పా. అక్కడక్కడా మదనపల్లె సార్ ప్రశ్నలు నేనే వేసుకుని నేనే జవాబిచ్చా.

లాగ్‌బుక్‌లో సొంతంగా చేసినవి, అసిస్ట్ చేసినవి వేరువేరు రంగుల్లో రాసి తీసుకెళ్ళా. షీత్ అన్న పుణ్యం. ఆ పేజీ ముగ్గురూ చూశారు.

బయటికొచ్చాక పోయినేడాది ఫెలోని క్యాంటీన్‌లో పట్టుకుని మూడు ప్రశ్నలూ అడిగా. ట్రాన్స్‌సెప్టల్ నాలుగో నెలలో సొంతంగా చేశాడట. నసగలేదు.

పలమనేరు_టమోటా
గురువారం, ఉదయం 5:05

సీటు వచ్చిందా లేదా అది చెప్పండి సార్ ముందు.

శేషాచలం_గాలి
గురువారం, ఉదయం 6:30

రెండు సీట్లకు నేను మూడోవాణ్ణి అన్నా. ముందున్నవాళ్ళలో ఒకరికి వేరేచోట కూడా వచ్చిందట, ఈ నెలాఖరుకు తేలుతుంది.

కన్సోల్_బాబు
గురువారం, ఉదయం 8:15

శనివారం మా దగ్గర రెండు ఎస్‌వీటీ (పైభాగంలో పుట్టే గుండెదడ) కేసులున్నాయి సార్. మా డాక్టర్ గారిని అడిగా, రమ్మన్నారు. ఏడున్నరకల్లా వచ్చేయండి, నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచుతా. ఫోన్ మాత్రం లాకర్‌లో పెట్టాలి.